మోంబ్రెల్‌లో అమ్ముడుపోయిన పోపుల పెట్టె

నేను ఒక పోపుల పెట్టెను. ఇత్తడి పెట్టె, మూత మీద చిలక పిడి, లోపల ఏడు గిన్నెలు. పోపుల పెట్టెకి కూడా ఆత్మకథేనా అని మీకు నవ్వొస్తే నవ్వుకోండి నాయనా, నేనేమీ అనుకోను. నవ్వడం అయ్యాక వినండి. నాకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ పెళ్ళిలో పప్పుచారు పలచబడిందో, ఏ పెద్దమనిషి మూడోసారి బూరెలు అడిగి నాలుగోసారికి సిగ్గుపడ్డాడో, ఇప్పుడు లేపి అడిగినా వరసగా చెప్పగలను.

నేను పుట్టింది అజ్జరంలో. అక్కడ వీధి మొదట్లో అడుగు పెడితే చాలు, ఇత్తడి మీద సుత్తి దెబ్బల చప్పుడు చెవులు గింగుర్లెత్తిస్తుంది. నన్ను చేసినాయన మూడు రోజులు కొట్టాడు. ఆ దెబ్బల గుర్తులు నా ఒంటి మీద చిన్న చిన్న నొక్కుల్లా ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసి మనుషులు ఎంత బాగుందో అంటారు. దెబ్బలు తిన్నదాంట్లో అందం ఉందని వాళ్ళకి భలే తెలుసు, తినాల్సిన వంతు తమది కానంతవరకూ.

నన్ను మొదట కొనుక్కుంది తణుకులో పెళ్ళి వంటలు చేసే సత్తెమ్మ. ఆవిడ దగ్గరికి కూరలు తరగడానికి వచ్చిన పిల్ల వీరవేణి. సత్తెమ్మకి చూపు తగ్గాక, "పోపు మాడ్చని చెయ్యి ఇదొక్కటే" అని నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఇరవై ఆరేళ్ళు నేను వీరవేణి చేతి కిందే ఉన్నాను. ఆమె నా మూత తీసిన తీరును బట్టే ఆ రోజు ఆమె మనసెలా ఉందో నాకు తెలిసిపోయేది.

ఈమధ్య మనవాళ్ళకి విదేశాల యాత్రలు ఎక్కువయ్యాయి కదా. చూడ్డానికి వాళ్ళ కోటలు కావాలి, తినడానికి మాత్రం మన పప్పన్నం కావాలి. అందుకని యాత్రల కంపెనీవాళ్ళు బస్సులో వంటమనిషిని కూడా ఎక్కించుకుపోతారు. అలా వీరవేణి విమానమెక్కింది, ఆమెతో నేనూ ఎక్కాను. ఇది మా ఆరో యాత్ర. ముందు పారిస్ పట్నం, తర్వాత ఫ్రాన్సు దేశపు పాత పల్లెటూళ్ళు. ముప్పై రెండు మంది జనం. వాళ్ళని నడిపించేవాడు భరద్వాజ అనే కుర్రాడు. పాండిచ్చేరిలో చదువుకున్నాడు కనుక అక్కడి భాష బాగానే మాట్లాడతాడు.

పారిస్‌లో రైలెక్కినప్పుడు మనవాళ్ళలో ఒకావిడ చేతిసంచి ఎవడో బ్లేడుతో కోసేశాడు. దాంతో ఆడవాళ్ళందరికీ చెయ్యి మెడ మీదికి పోయింది. ఆ సాయంత్రం హైమవతిగారు ఒక్కర్తే బస్సు వెనక సామాన్ల దగ్గరికి వచ్చింది. రైసుమిల్లు సూర్యప్రకాశంగారి భార్య. ఇటూ అటూ చూసి, పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట తీసింది.

"వీరవేణీ, నీ పోపుల పెట్టెలో ఇంకెవరూ చెయ్యి పెట్టరు కదా?"

"నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదండి అమ్మగారూ."

"అయితే ఇది గిన్నెల అడుగున పెట్టు. నా సూత్రాలు, గొలుసు. మెళ్ళో పసుపుకొమ్ము కట్టుకున్నాలే."

వీరవేణి రెండడుగులు వెనక్కి వేసింది. "బంగారం వద్దండి బాబూ! నాకు గుండె దడండి. అయ్యగారికి ఇచ్చేయండి."

"ఆయనకా! చెబితే, ఇంత భయం ఉన్నదానివి ఇంట్లో కూర్చోలేకపోయావా అని ఈ దేశమంతా వినపడేలా అరుస్తారు. రెండ్రోజులే. పోపుల పెట్టెలో బంగారం ఉంటుందని ఏ దొంగకి తడుతుంది చెప్పు?"

మా ఆడవాళ్ళ తెలివి ఇదే. డబ్బు, బంగారం, చీటీలు, అన్నీ వంటింట్లోకే వస్తాయి. మొగాళ్ళు పోపుల పెట్టె మూత తియ్యరని ధైర్యం. పెద్దింటావిడ అంతలా అడిగితే వంటమనిషి ఎన్నిసార్లు కాదంటుంది? వీరవేణి గిన్నెలు పైకి తీసి, ఆ మూటని నా అడుగున పెట్టి, మళ్ళీ గిన్నెలు సర్దింది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, నడిమి గిన్నెలో ముద్ద ఇంగువ. నా జన్మలో బంగారం మోయడం అదే మొదలు. ఆ రెండు రోజులూ వీరవేణి నా మూత తీసినప్పుడల్లా ముందు గిన్నెల కింద వేలు దూర్చి మూట తడిమి చూసుకునేది.

ఆదివారం పొద్దున మోంబ్రెల్ చేరాం. గుట్ట మీద కట్టిన ఊరది. కిందనుంచి పైదాకా రాతి ఇళ్ళు, రాతి మెట్లు, నీలం రంగు కిటికీ తలుపులు, గోడల మీదికి పాకిన గులాబీలు. ఆరేడు వందల ఏళ్ళ నాటి ఊరట. మనింట్లో గోడ బీటలిస్తే చుట్టాలొచ్చేలోపు సున్నం కొడతాం. ఇక్కడేమో మనవాళ్ళు ఆ బీటల ముందే నించుని ఫొటోలు తీయించుకున్నారు. మూసి ఉన్న తలుపులకి కూడా ఫొటోలే. లోపల కాపురమున్నవాళ్ళు ఏమనుకుంటారో అని ఒక్కరికీ తోచదు.

భరద్వాజ అందరికీ గట్టిగా చెప్పాడు. "రెండింటికి బస్సు కదలాలండీ. ఇక్కడ డ్రైవరు ఇన్ని గంటలే నడపాలని చట్టం. ఎవరైనా రాకపోతే వదిలేసి పోవాల్సిందే. తర్వాత రైల్లో మీరే రావాలి."

వాళ్ళంతా కోట చూడ్డానికి పైకి పోయారు. గుట్ట కింద బస్సులు ఆగే మైదానం పక్కన చెట్ల నీడలో వరసగా బల్లలు వేసున్నాయి. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదిలో ఒక ఆదివారం జనం అటకలన్నీ దులిపి, పాత సామానంతా వీధిలో బల్లల మీద పేర్చి అమ్ముకుంటారు. తాతల నాటి లాంతర్లు, పగిలిన బొమ్మలు, చెవి విరిగిన కూజాలు, ఏదైనా సరే. బల్ల దగ్గర మనిషి లేకపోతే, ఎంత ఇవ్వాలని తోస్తే అంత అక్కడ పెట్టి వస్తువు తీసుకుపోవడం వాళ్ళలో మామూలే. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

వీరవేణికి తెలిసిందల్లా, చివరి బల్ల ఖాళీగా ఉండటం. చెట్టు నీడ ఉంది, బల్ల ఉంది, మనిషి లేడు. మన లెక్కలో అది భోజనాల బల్ల కాక మరేమిటి? ఆ బల్లగలాయన సామానంతా అమ్ముడైపోయి అన్నానికి ఇంటికి వెళ్ళాడని ఆమెకెలా తెలుస్తుంది? పులిహోర గిన్నె తెచ్చి పెట్టింది, నన్ను పెట్టింది, పక్కనే గరిటె పెట్టింది. పెరుగన్నంలోకి పోపు వేద్దామని పెరుగు తపేలా కోసం బస్సు దగ్గరికి వెళ్ళింది. మనిషి మెడ తిప్పి నన్నొకసారి చూసే వెళ్ళింది పాపం.

అప్పుడొచ్చింది ఓడిల్ అనే ముసలావిడ. ఎనభై దాటి ఉంటాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో వెదురు బుట్ట. నన్ను చూసి ఆగింది. నా ఒంటి మీది సుత్తి నొక్కుల్ని బొటనవేలితో తడిమింది. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఒక నోటు తీసి గరిటె కింద పెట్టి, నన్నెత్తి తన బుట్టలో, ఉల్లికాడల మీద కూర్చోబెట్టింది.

కేక వేద్దామంటే ఇత్తడికి నోరేది? ఒళ్ళు కదిపితే గిన్నెలు గలగలమన్నాయి. ఆవిడ "ఆఁ" అని ముద్దుగా నవ్వి బుట్టని ఇంకా గట్టిగా పట్టుకుంది. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతోంది. ప్రతి మెట్టుకీ వీరవేణి నాకు దూరమవుతోంది. నా అడుగున ఆ మూట, దాని బరువు మెట్టుమెట్టుకీ పెరుగుతున్నట్టుంది.

తర్వాత కింద జరిగింది నేను కళ్ళారా చూడలేదు. బస్సు దగ్గర తలో మాటా అంటుంటే ఏరుకుని కూర్చుకున్నాను.

వీరవేణి తిరిగొచ్చేసరికి బల్ల మీద పులిహోర ఉంది, గరిటె కింద నోటు ఉంది, నేను లేను. ఆ బల్లా ఈ బల్లా వెతికింది. సైగలు చేసి అడిగింది, వాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. ఇంతలో కోట చూసినవాళ్ళు ఆకలితో దిగారు. అందరికీ వడ్డిస్తూనే ఉందట, పాపం, చేతులు ఒక చోట, ప్రాణం ఒక చోట. హైమవతిగారు మజ్జిగ కోసమని దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అది భద్రమేనా?"

వీరవేణి మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది. బల్ల మీది నోటు వైపు చూసింది. ఆ చూపును పట్టుకుని హైమవతిగారూ నోటు వైపు చూసింది. పెట్టె లేదు, డబ్బుంది.

"అమ్మేశావా? అమ్మేశావే! నా సూత్రాలతో సహా అమ్ముకున్నావా!"

ముప్పై రెండు మందీ విన్నారు. సూర్యప్రకాశంగారు పళ్ళెం దించి, "ఏమిటీ? సూత్రాలేమిటి? పోపుల పెట్టేమిటి?" అని అరిచారు. ఆయన కేకలేస్తున్నకొద్దీ ఆవిడ భయమంతా కోపమై వీరవేణి మీదికి మళ్ళింది.

"అమ్మగారూ, నేను పెరుగు తెత్తానని అలా ఎల్లానండి. నా పిల్లల మీద ఒట్టండి."

"ఒట్లు ఎవరిక్కావాలి? ఎక్కడో దాచి ఉంటుంది. ఇప్పుడు గొడవయింది కనుక, కాసేపాగి తెచ్చి, ఇదిగో దొరికిందండీ అంటుంది చూడండి! దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది!"

అనేసింది. ఏదీ పగలలేదు, ఎవరికీ రక్తం రాలేదు. కానీ వంటమనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ లేదు నాయనా. వంటమనిషంటే అందరి ఇళ్ళల్లో వెనక గుమ్మం నుంచి లోపలికి వెళ్ళే మనిషి. బీరువా ఉన్న గది పక్కనే పొయ్యి పెడుతుంది. చేతివాటం ఉందన్న మాట ఒక్కసారి పుడితే యాత్రలు సరే, తణుకులో పేరంటానికి పులిహోర కలపమని కూడా పిలవరు. ఆ మాట బస్సు కంటే ముందే ఊరు చేరుతుంది.

భరద్వాజ గడియారం చూసుకున్నాడు. "వీరవేణిగారూ, ఒంటిగంటా పది. ఎక్కడ వెతుకుతారో వెతకండి. రెండింటికి మాత్రం నా చేతుల్లో ఉండదండి." పోలీసుల మాట ఎవరో ఎత్తారు. వీరవేణి చెయ్యి కూడా కడుక్కోకుండా మెట్లెక్కింది.

ఇక్కడ పైన నా సంగతి వినండి. ఓడిల్ వంటిల్లు చిన్నది, శుభ్రమైనది. నన్ను కిటికీ పక్క బల్ల మీద పెట్టి, పొయ్యి మీద వెన్నలో బంగాళాదుంపలు వేసి, వచ్చి నా మూత తీసింది. ఆవాలు రెండు నోట్లో వేసుకుని తల ఊపింది. జీలకర్ర వాసన చూసింది. మెంతులు కొరికి మొహం చేదుగా పెట్టింది. తర్వాత ఆవాల గిన్నె అంచు పట్టుకుని పైకెత్తబోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఎత్తిందా, మూట బయటపడుతుంది. పడితే ఏం చేస్తుందో? ఎవరి మనసులో ఏముందో గిన్నెలకి తెలుసా?

పొయ్యి మీద బంగాళాదుంపలు చుంయ్‌మన్నాయి. ఆవిడ గిన్నె వదిలి అటు తిరిగింది. దుంపలు కలిపి, మళ్ళీ వచ్చి, ఈసారి నడిమి గిన్నెలోని ముద్ద ఇంగువ తీసింది. ఇదేమిటో ఆవిడకి అంతు పట్టలేదు. వాసన చూసి వెనక్కి జరిగింది. మళ్ళీ చూసింది. వంట చేసే ఆడదానికి తెలియని దినుసు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, ఏ దేశమైనా అంతే. గోలీకాయంత ముక్క, మన ఊళ్ళో పెళ్ళి సాంబారుకి సరిపడేంత ముక్క, తుంచి కాగుతున్న వెన్నలో పడేసింది.

అమ్మబాబోయ్! ఇల్లంతా పొగ. పిల్లి బల్ల కిందినుంచి దూకి పారిపోయింది. ఓడిల్ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ కిటికీ తలుపులు బార్లా తీసింది. ఆరేడు వందల ఏళ్ళలో ఆ సందు ఎరగని వాసన గులాబీల మీదుగా బయటికి నడిచింది.

అప్పటికి వీరవేణి ఆ ఊరిని మూడు చుట్లు చుట్టింది. అన్నాల వేళ, తలుపులన్నీ మూసున్నాయి. ఏ తలుపు తట్టాలి, ఏ భాషలో అడగాలి? పైసందు మలుపులో గోడకి ఆనుకుని నించుందట. గాలి తిరిగింది. ఆమె తలెత్తింది.

నేను ఆమె చెప్పుల చప్పుడు విన్నాను. పరుగు. ఆగింది. మళ్ళీ పరుగు. కిటికీలో ఆమె మొహం కనిపించింది, చెమట, చెదిరిన జుట్టు, కొంగు నడుముకి బిగించి ఉంది.

"మామ్మగారూ! ఆ పెట్టె నాదండీ! తలుపు తియ్యండి మామ్మగారూ!"

ఓడిల్ గరిటె పట్టుకుని ఏదో గట్టిగా అడిగింది. దొంగనుకుందేమో. వీరవేణి నా వైపు వేలు చూపి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, చేతులు జోడించింది. ముసలావిడ గరిటె దించింది. దేశం వేరు, భాష వేరు, కానీ ఏడుపు ఆపుకుంటున్న మొహం ఏదో ఆవిడకి తెలియదా? తలుపు తీసింది.

వీరవేణి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. నేను ఆ చేతి కోసం ఎంత ఎదురుచూశానో! కానీ బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. వెనక్కి పోయింది.

నాకు చెప్పలేనంత చిన్నబోయినట్టయింది. ఇరవై ఆరేళ్ళ చెయ్యి, నన్ను ముట్టుకోదా?

ఆమె తనలో తను గొణుక్కుంది. "ఇప్పుడు నేను ముట్టుకుంటే నేనే దాచి తెచ్చానంటారు. అమ్మగారి మాటే నిజమైపోద్ది." అప్పుడర్థమైంది నాకు. బంగారం దొరికితే సరిపోదు. దొరికిన తీరు చూసిన మనిషి కావాలి. ఆమె నన్ను చూపించి, ఓడిల్‌ని చూపించి, కింద బస్సు వైపు చూపించి, చేతులు జోడించింది. "మీ చేత్తో మీరే పట్టుకురండి మామ్మగారూ. నేను ముట్టుకోను. మీరు రావాలి, అంతే."

ఓడిల్‌కి ఎంత అర్థమైందో గానీ పొయ్యి ఆర్పేసింది, నన్ను బుట్టలో పెట్టుకుంది, కర్ర తీసుకుంది.

ఎక్కేటప్పుడు కష్టం ఊపిరికి, దిగేటప్పుడు మోకాళ్ళకి. ప్రతి మెట్టు దగ్గరా ఆవిడ ఆగి, ముందు కర్ర, తర్వాత కుడికాలు, తర్వాత ఎడమకాలు. వీరవేణి ఒక పక్క ఆవిడ భుజం పట్టుకుంది. నన్ను లాక్కుని పరుగెడితే బస్సు అందేది. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె పరుగెత్తలేదు. "మెల్లగా మామ్మగారూ, మెల్లగా" అంటూనే ఉంది. ఆమె గొంతు మెల్లగా ఉంది, చేతి నరాలు మాత్రం తాడుల్లా ఉబ్బాయి.

సగం మెట్లు ఉండగానే గుడిగంట రెండు కొట్టింది. వీరవేణి నిలువునా ఆగిపోయింది. కిందినుంచి బస్సు హారను వినిపించింది. ఓడిల్ ఆమె చెయ్యి తట్టి, రెండు వేళ్ళు చూపి, ఇంకా ఉంది అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆ ఊళ్ళో ఎన్ని గంటలైనా, కాసేపాగి మళ్ళీ ఇంకోసారి కొడతారట, మొదటిసారి వినపడని పొలాల్లోని వాళ్ళ కోసం. వీరవేణికి అర్థం కాలేదు. అయినా అడుగు వేసింది.

మైదానంలోకి దిగేసరికి బస్సు ఇంజను ఉరుముతోంది. డ్రైవరు చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు. భరద్వాజ మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు వేసి అతన్ని బతిమాలుతున్నాడు. మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. గంట అప్పుడు రెండోసారి రెండు కొట్టింది.

హైమవతిగారు తలుపు దాకా వచ్చింది. "చూశారా! నే చెప్పలేదూ, తెచ్చిస్తుందని!"

వీరవేణి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. "నేను ముట్టుకోలేదు బాబూ. పెట్టె ఆవిడ చేతిలోనే ఉంది. ఏం జరిగిందో ఆవిణ్ణే అడగండి. గట్టిగా అడగండి, అందరికీ వినపడాలి."

భరద్వాజ అడిగాడు. ఓడిల్ కర్ర నేలకేసి కొట్టి మరీ చెప్పింది. అతను ఒక్కొక్క ముక్కే తెలుగులో చెప్పాడు. "బల్ల దగ్గర ఎవరూ లేరట. అమ్మకానికి పెట్టారనుకుని డబ్బు పెట్టి తీసుకుందట. ఈవిడ కిటికీ దగ్గరికొచ్చేదాకా ఈవిణ్ణి చూడనే లేదట. వచ్చాక కూడా ఈవిడ పెట్టెని తాకలేదట. గిన్నెలు తను ఇంకా పైకే తియ్యలేదట. ఇందులో ఏముందసలు, ఇంత గోల ఎందుకు, అని అడుగుతోంది."

"గిన్నెలు తియ్యమనండి బాబూ" అంది వీరవేణి.

ఓడిల్ నన్ను బస్సు మెట్టు మీద పెట్టి ఒక్కొక్క గిన్నే తీసింది. ముప్పై రెండు తలలు నా మీదికి వంగాయి. ఏడో గిన్నె తీసేసరికి పసుపు మూట. హైమవతిగారు లాక్కుని విప్పి, సూత్రాలు కళ్ళకద్దుకుని భోరుమంది. బస్సంతా హమ్మయ్య అంది. "సరే సరే, ఎక్కండి, ఆలస్యమైంది" అన్నారు సూర్యప్రకాశంగారు.

వీరవేణి ఎక్కలేదు.

"ఎక్కవేం వీరవేణీ?" హైమవతిగారు కళ్ళు తుడుచుకుంటూ అంది. "ఏదో కంగార్లో ఓ మాటన్నాను. మనసులో పెట్టుకోకు."

"కంగార్లో అంటారండి, మనుషులన్నాక. కంగారు తగ్గింది కదండి ఇప్పుడు. అన్నది అందరి ముందరండి. ఎనక్కి తీసుకునేదీ అందరి ముందరే తీసుకోండి. తవరు తీసుకుంటే ఎక్కుతాను. లేపోతే రైలుందంట కదండి."

ఆమె గొంతు పెంచలేదు. డ్రైవరు హారను కొట్టాడు. భరద్వాజ ఆవిడ వైపు, ఈవిడ వైపు చూశాడు. సూర్యప్రకాశంగారు, నోరున్న మనిషి, ఆ క్షణాన కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నారు. హైమవతిగారు మెట్టు మీద నించుంది, చేతిలో సూత్రాలు. మెట్టు దిగింది. ఒకటి, రెండు. నేల మీదికి వచ్చి, వీరవేణి ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా అంది.

"తప్పు నాదే. వద్దంటే బలవంతాన దాయించింది నేను. నువ్వు దొంగవి కాదు."

వీరవేణి తల ఊపింది. "ఇక మీ బంగారం మీ మెళ్ళోనే ఉంచుకోండమ్మగారూ."

ఓడిల్ గిన్నెలన్నీ నాలో సర్ది, మూత పెట్టి, నన్ను వీరవేణికి అందించింది. ఆమె ఈసారి నన్ను ముట్టుకుంది. చిలక పిడి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత నన్ను మెల్లగా ముసలావిడ వైపే తోసింది.

"డబ్బిచ్చి కొనుక్కున్నారు, మీ నోటు నాకు ముట్టింది, పెట్టె మీదే మామ్మగారూ. ఇంకోళ్ళ సొమ్ము నా దగ్గరుందన్న మాట నేనింకోసారి పడలేను." భరద్వాజతో అంది, "ఆ ఇంగువ కందిగింజంత ఎయ్యాలని చెప్పండి బాబూ. గోలీకాయంత కాదు."

భరద్వాజ చెబితే ముసలావిడ పడీపడీ నవ్వింది.

బస్సు కదిలింది. వీరవేణి సీటు వెనకాల, తపేలాల పక్కన. మలుపు తిరిగేదాకా చూశాను, ఆమె వెనక్కి తిరగలేదు. బాధ లేదా అంటే, ఎందుకుండదు నాయనా, ఇన్నేళ్ళ చెయ్యి కదా. ఇప్పుడు ఈ కిటికీ పక్కన ఉంటున్నాను. యాత్రికులు వస్తారు, ఓడిల్ గోడకీ తలుపుకీ ఫొటోలు తీస్తారు, ఈ ఊరు ఎంత పాతదో, కోట ఎంత ఎత్తో చెప్పుకుంటారు. నేను ఆ కోటని రోజూ చూస్తూనే ఉన్నాను. మనిషి ఎంత ఎత్తుకి ఎదుగుతుందో మాత్రం ఒక్కసారే చూశాను, బస్సు మెట్టెక్కనని వీరవేణి నేల మీద నిలబడ్డప్పుడు.